ఆఫీసు పని మీద అక్కతో గొడవ

మార్చి 3

అక్కా,

క్షేమంగా చేరాను. గది కూడా దొరికింది. ఒక మంచం, ఒక కుర్చీ, ఒక కిటికీ. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ ముక్కుకి తగులుతుంది కాబట్టి తెరవడం మానేశాను. ఇంటివాడు మరీ మెత్తని మనిషి. మెట్ల మీద ఎదురైతే తనే గోడకి అతుక్కుపోయి నాకు దారిస్తాడు.

ఉద్యోగం లిఫ్టుల కంపెనీలో అని చెప్పాను కదా. ఎవరైనా లిఫ్టులో ఇరుక్కుని లోపలున్న ఎర్ర బటన్ నొక్కితే, ఆ ఫోను నా బల్ల మీద మోగుతుంది. మెకానిక్ వచ్చి తలుపు తీసేదాకా వాళ్ళు బెంబేలు పడకుండా మాట్లాడుతూ ఉండటమే నా పని. నిన్న ఒక పెద్దావిడ ఇరుక్కుంది. ఊపిరాడటం లేదని ఒకటే ఏడుపు. నేను మెల్లగా మనవల కబుర్లలోకి దింపాను. ఎవడు అన్నం తినడు, ఎవతె బడి ఎగ్గొడుతుంది, అన్నీ చెప్పించాను. తలుపు తెరుచుకున్నాక కూడా ఆవిడ బయటికి రాలేదు, చెబుతున్నది పూర్తిచేసి మరీ వెళ్ళింది. చాలా సంతోషం వేసింది అక్కా. నాకు చేతనైన పని ఒకటి దొరికిందనిపించింది.

ఇక వింత సంగతి. మా ఆఫీసు గోడకి ఇంగ్లీషు జాతీయాల పట్టిక ఒకటి వేలాడుతోంది. మనం తేలికైన పనిని నల్లేరు మీద నడక అంటామే, వాళ్ళు దాన్ని ‘ఎ పీస్ ఆఫ్ కేక్’ అంటారు. అలాంటివన్నమాట. కొత్తగా చేరినవాళ్ళు జూన్ ఆఖరులోగా పట్టికలో ఉన్నవన్నీ మాటల్లో వాడి చూపించాలి. చూపిస్తే ఉద్యోగం పర్మనెంటు. లేకపోతే ఇంటికి.

ఇంతవరకూ బాగానే ఉంది. షరతు ఏమిటంటే, వాడిన మాట నిజమై ఉండాలి. పోయినేడు ఎవడో ఎండ మాడిపోతున్న పూట, పట్టిక పూర్తిచేసే తొందరలో ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ అనేశాడట, అంటే బయట కుండపోతగా వాన అని. అది విన్న ఆడిటరు సాయంత్రం దాకా ఆఫీసులోంచి కదల్లేదట. ఆయన కదలక, ఆయన ముందు ఎవరూ కదల్లేక, అందరూ అలాగే కూర్చున్నారట. అప్పటినుంచి, సంఘటన జరగనిదే జాతీయం వాడకూడదు. జరిగిందో లేదో చూడటానికి ఒక సాక్షి గుమాస్తాని వేశారు. ఆయన తలూపితేనే లెక్క.

నిన్న ‘అండర్ ద వెదర్’ వాడాల్సి వచ్చింది. ఒంట్లో నలతగా ఉందని అర్థం. నాకేమో ఏ నలతా లేదు. తడి చొక్కా తొడుక్కుని ఫ్యాను కింద కూర్చున్నాను. ఇవాళ తుమ్ముకుంటూ వెళ్ళి వాడేశాను. గుమాస్తా నా నుదురు ముట్టుకుని చూసి తలూపాడు.

ముక్కు తుడుచుకుంటూ,
నీ తమ్ముడు


మార్చి 12

ఒరేయ్ తుమ్ముల రాజా,

నేను, మీ బావ, నా కుట్టుమిషను, ముగ్గురం బాగానే ఉన్నాం. మిషను ఒక్కటే అప్పుడప్పుడు మూలుగుతోంది. నీ ఉత్తరం మీ బావకి గట్టిగా చదివి వినిపించాను. ఇద్దరం కడుపు చెక్కలయ్యేలా నవ్వుకున్నాం. ప్యాంటు పొడవు తగ్గించమని వచ్చినావిడకి కూడా చదివాను. ఆవిడ ఎంత నవ్విందంటే తీసుకున్న కొలత తప్పిపోయింది, మళ్ళీ తీయాల్సొచ్చింది.

నువ్వు మాట్లాడుతుంటే లిఫ్టులోంచి బయటికి రాని మనిషి కూడా ఉందా? ఆవిడకి చెవుడేమో కనుక్కో.

ఆ షరతు మాత్రం నాకు మింగుడు పడటం లేదురా. నీతో వేగలేక నా తల ప్రాణం తోకకొచ్చిందని రోజుకి పదిసార్లు అనేదాన్ని. ఎవరైనా వచ్చి సాక్ష్యం అడిగారా? మాటంటే కాస్త వదులుగా ఉండాలి. మరీ ఒంటికి పట్టేసినట్టు కుడితే మనిషి కూర్చున్నప్పుడు చిరుగుతుంది. నీకిది నాలుగో ఉద్యోగం. మొదటి మూడింట్లో బుర్ర పెట్టక పోగొట్టుకున్నావు, దీన్ని బుర్ర పెట్టి పోగొట్టుకునేలా ఉన్నావు.

తడి చొక్కా విప్పు.

సూదిలో దారం ఎక్కిస్తూ,
అక్క


ఏప్రిల్ 2

అక్కా,

పని జోరుగా సాగుతోంది. ‘బ్రేక్ ద ఐస్’ కూడా అయిపోయింది. కొత్తవాళ్ళ మధ్య ఉండే బెరుకుని పోగొట్టి మాటలు కలపడం అన్నమాట. ఒకరినొకరు ఎరగని ఇద్దరు ఒకే లిఫ్టులో ఇరుక్కున్నారు. మెకానిక్ సైకిలెక్కబోతుంటే మా మేనేజరు ఆపేశాడు. ‘‘ఆగవయ్యా, ఇప్పుడే ఇరుక్కున్నారు. బెరుకు కాస్త ముదరనీ’’ అన్నాడు. అందరం ఫోను చుట్టూ చేరి వాళ్ళ మౌనం విన్నాం. ఒకాయన దగ్గాడు. ఇంకొకావిడ తాళాలు గలగలలాడించింది. ‘‘ఇప్పుడు!’’ అన్నాడు మేనేజరు. ఇద్దర్నీ ఏ అంతస్తుకి వెళ్తున్నారని అడిగాను. ఇద్దరూ ఒకే పళ్ళ డాక్టరు దగ్గరికట. ఇంక చూడు, ఎవరి పన్ను ఎక్కువ సలుపుతోందని పోటీలు పడి చెప్పుకున్నారు. గుమాస్తా తలూపాడు. వాళ్ళిద్దరికీ ఆ లిఫ్టు ఎంత నచ్చిందంటే, వారం తిరక్కుండా మళ్ళీ ఇరుక్కున్నారు. ఈసారి బటన్ నొక్కలేదు.

ఇప్పుడు నీతో పని పడింది. ‘స్పిల్ ద బీన్స్’ అని ఒకటుంది. ఎవరిదో గుట్టు రట్టు చేయడం. నాకు చెప్పుకోదగ్గ గుట్టేమీ లేదు. గుమాస్తా నా జీవితమంతా అడిగి తెలుసుకుని, ‘‘ఇందులో దాచేంత విషయం ఎక్కడా లేదు బాబూ’’ అని తేల్చాడు. నీకు తెలిసిన రహస్యం ఏదైనా ఉంటే రాయి. నిజమైనదే రాయాలి. ఇక్కడ ఆఫీసు దాటి పోదు.

ఆశగా,
నీ తమ్ముడు


ఏప్రిల్ 10

ఒరేయ్ గుట్టు లేనివాడా,

గుమాస్తా మాట విని నవ్వలేక చచ్చాను. పాతికేళ్ళు నిండాయి, దాచుకోవడానికి ఒక్క ముక్క కూడా పోగేసుకోలేదంటే ఏం బతుకురా నీది?

సరే, నీ ఉద్యోగం కోసం చెబుతున్నాను. మీ బావ సంగతి. నలుగురూ ఆయన్ని చూసి ముక్కున వేలేసుకుంటారు కదా, ఎంత పెద్ద కరెంటు స్తంభమైనా గాలివానలో చకచకా ఎక్కేస్తాడని. ఆయనకి లిఫ్టంటే భయం. చచ్చేంత భయం. ఎన్ని అంతస్తులైనా మెట్లెక్కి పోయి, ‘‘మోకాళ్ళకి మంచిది’’ అంటారు. ఒకసారి బలవంతాన ఎక్కించాను. నా కొంగు పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. తలుపు తెరుచుకునేసరికి నా కొంగు నలిగి గుడ్డపేలిక అయింది.

ఈ మాట తోటి లైన్‌మన్‌లకి తెలిస్తే ఆయన తలెత్తుకు తిరగలేరు. నీ కడుపులో పెట్టుకో. అంటే, నీ ఆఫీసు కడుపులో.

అక్క


ఏప్రిల్ 24

అక్కా,

అద్భుతంగా జరిగింది! బావగారి గుట్టు చెప్పగానే గుమాస్తా రెండుసార్లు తలూపాడు. మేనేజరుకి కళ్ళు చెమర్చాయి. ‘‘ఇలాంటి మనిషి కోసమే కదయ్యా మన కంపెనీ ఉన్నది’’ అన్నాడు. బావగారి పేరు, ఇంటి చిరునామా అడిగి రాసుకున్నాడు. ఎందుకో తెలియదు. మంచికే అయ్యుంటుంది.

తొందరలో,
నీ తమ్ముడు


మే 6

ఒరేయ్,

ఎందుకో నాకు తెలిసింది. మొన్న ఆదివారం మా వీధిలోకి లిఫ్టు బొమ్మ వేసిన వ్యాను ఒకటి వచ్చింది. టోపీలు పెట్టుకున్న ఇద్దరు దిగారు. మైకులో మీ బావ పేరు పెట్టి పిలిచి, ‘‘భయం వద్దు, మేమున్నాం, ఉచితంగా లిఫ్టులో తిప్పి తీసుకొస్తాం’’ అన్నారు. ఆ సమయానికి మీ బావ వీధి చివర స్తంభం మీద ఉన్నారు. కింద తోటివాళ్ళు ముగ్గురు ఉన్నారు. వాళ్ళు ముందు మైకు వైపు చూశారు, తర్వాత పైకి చూశారు. ఆయన చీకటిపడేదాకా దిగలేదురా.

అప్పట్నుంచి ఆయన నాతో మాట్లాడటం లేదు. ఏం కావాలన్నా మిషనుతో చెబుతున్నారు. ‘‘మిషనమ్మా, కాఫీ ఉందేమో కనుక్కో’’ అంటారు. నేనూ దానితోనే జవాబు చెబుతున్నాను. అది మా ఇద్దరి మధ్యా నలిగిపోతోంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆఫీసు దాటదన్నావు. వ్యాను ఎవరిది?

అక్క


మే 15

అక్కా,

ఎంత పని జరిగింది! నాకు బాధగా ఉంది. బావగారికి నా తరఫున మిషనుతో చెప్పించు.

అయితే ఒక మంచి కూడా జరిగింది. ‘ఇన్ హాట్ వాటర్’ అని ఒకటుంది, చిక్కుల్లో పడటం అని. నాకు సంఘటన దొరక్క అవస్థ పడుతున్నాను. నీ ఉత్తరం చూపించి, మా అక్క ఇన్ హాట్ వాటర్ అన్నాను. గుమాస్తా ఉత్తరం అంతా చదివి, అక్కడక్కడ నిట్టూర్చి, తలూపాడు. ‘కోల్డ్ ఫీట్’ కూడా అయింది. తీరా సమయానికి గుండె జారిపోవడం అది. పన్ను పీకించుకుంటానని ఆ పళ్ళ డాక్టరు దగ్గరికే వెళ్ళి, ఆయన పట్టకారు తీయగానే లేచి పారిపోయాను. నా వెనక గుమాస్తా, గుమాస్తా వెనక డాక్టరు.

ఇక ఒక్కటే మిగిలింది. ‘బరీ ద హ్యాచెట్’. ఉన్న పగలు, పట్టింపులు వదిలేసి మళ్ళీ కలిసిపోవడం. దానికి ముందు గొడవ ఉండాలి. నాకు ఎవరితోనూ లేదు. ఇంటివాడి మీద అరిచి చూశాను. ఆయన క్షమించమని అద్దె తగ్గించాడు. ఈ ఊళ్ళో నాతో పోట్లాడేంత దగ్గరివాళ్ళు ఎవరూ లేరని అప్పుడే తెలిసింది అక్కా. కాస్త దిగులుగా ఉంది.

నీ తమ్ముడు


మే 22

ఒరేయ్ తమ్ముడూ,

మీ బావ నిన్న నాతో నేరుగా ఒక మాట మాట్లాడారు. ‘‘ఉప్పెక్కువైంది’’ అన్నారు. చల్లబడుతున్నట్టే ఉంది. వెంటనే నీ ఉత్తరం చదివి వినిపించాను, పట్టకారు దగ్గర ఇద్దరం మళ్ళీ ఒకటే నవ్వు. పోట్లాడటానికి కూడా మనిషి దొరకలేదంటే నీ అంత నిర్భాగ్యుడు ఇంకొకడు ఉండడు. ఇంటివాడు అద్దె తగ్గించాడా? రోజూ అరుస్తూ ఉండు.

పకపకా,
అక్క


జూన్ 5

శ్రీమతి అక్కగారికి,

నీవు చేసిన అన్యాయాలకు అంతు లేదు. ఉమ్మడి గోడ మీద నీకు ఎలాంటి హక్కూ లేకపోయినా మేకులు కొట్టితివి. నూతి గిలక ఎత్తుకుపోయినది నీవేనని లోకమెరుగును. మన పెద్దలు నాకిచ్చిన తూర్పు వాకిలిని నీవు ఇటుకలతో మూయించితివి. నీ ముఖం చూస్తే స్నానం చేయవలసి వస్తుంది.

నేనేం చెప్పినా నవ్వుతావు. ఆ పెద్దావిడ సంగతి రాస్తే నవ్వావు, ఇక్కడ నాకెవరూ లేరని రాస్తే నవ్వావు, నా ఉత్తరాలు నలుగురికీ చదివి నవ్వించావు, ఒక్కసారి కూడా నేను చెప్పింది వినలేదు.

ఇక నీకూ నాకూ చుట్టరికం లేదు. గిలక వెంటనే తిరిగి ఇవ్వవలెను.

నీ తమ్ముడు


జూన్ 6

అక్కా,

నిన్నటి ఉత్తరం చూసి బెదిరిపోకు. అది ఆఫీసు పని. నీతో గొడవపడి రాజీ పడితే నా పట్టిక పూర్తవుతుంది. ముందే చెప్పి చేస్తే అది నిజం గొడవ కాదని గుమాస్తా ఒప్పుకోలేదు. నాకు తిట్టడం చేతకాకపోతే ఆయనే పక్కన కూర్చుని చెప్పి రాయించాడు. ఆయనకి తన ఇద్దరు తమ్ముళ్ళతో కోర్టులో దావా ఉంది, మంచి అనుభవం. గోడ, గిలక, వాకిలి అన్నీ ఆయనవే. క్షమించానని ఒక ముక్క రాసి పంపు, నెలాఖరు దగ్గరపడింది. గుమాస్తా ఇక్కడే ఉన్నాడు, నీకు నమస్కారాలు చెప్పమంటున్నాడు.

నీ తమ్ముడు


జూన్ 11

ఒరేయ్ వెర్రి నాగన్నా,

నువ్వు తిట్టిన ఉత్తరం ఇంకా రాలేదు. క్షమించమన్న ఉత్తరం మాత్రం ముందే వచ్చి కూర్చుంది. నీ పనులన్నీ ఇంతే, చొక్కా కుట్టకముందే ఇస్త్రీ. అయినా ఏం తిట్టి ఉంటావులే, నీ నోట్లో నాలుక లేదు. పోనీ, మనస్ఫూర్తిగా క్షమించాను. చదవకుండానే క్షమించాను. మీ బావ సాక్షి. మీ గుమాస్తాకి చూపించి ఉద్యోగం పర్మనెంటు చేయించుకో.

నీ పరమ శత్రువు,
అక్క


జూన్ 14

తమ్ముడూ,

ఉత్తరం వచ్చింది. మీ బావకి గట్టిగా చదవడం మొదలుపెట్టాను. గిలక దగ్గర ఆయన నవ్వారు, నేనూ నవ్వాను. మనకి నుయ్యే లేదు కదా. ఆ తర్వాత మాటలు చదవబోయి ఆగిపోయాను. మిగిలింది లోపల చదువుకున్నాను.

గోడ, గిలక, వాకిలి మీ గుమాస్తావి. మధ్యలో ఉన్నది ఆయనది కాదు. అది నీది. నీకు పన్నెండేళ్ళప్పటి నుంచి నీ దస్తూరీ చూస్తున్నాను, నీకు కోపమొస్తే అక్షరాలు చిన్నవైపోతాయి. అక్కడ చీమతలకాయల్లా ఉన్నాయి.

క్షమించానని రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. తెలియక ఇచ్చాను. నాకు చాలా కష్టంగా ఉంది. నవ్వానని అన్నావు. అమ్మ పోయినప్పుడు ఇంట్లో మనిద్దరం మిగిలితే, నువ్వు అన్నం ముట్టకపోతే, నేను నవ్వించబట్టే తిన్నావు. నాకు వేరే ఏం తెలుసురా? నేను నిన్ను చూసి నవ్వాననుకున్నావా ఇన్నాళ్ళూ?

అవుననే అనుకుంటున్నావులా ఉంది.

అక్క


జూన్ 20

అక్కా,

నీ పదకొండో తారీకు ఉత్తరం అందగానే ఆఫీసులో పైకి చదివారు. చప్పట్లు కొట్టారు. నా పేరు మీద పర్మనెంటు ఆర్డరు టైపు చేయడం మొదలుపెట్టారు. అది సంతకానికి వెళ్ళబోతుండగా నీ రెండో ఉత్తరం వచ్చింది.

అవును, అది నాదే. గుమాస్తా టీ తాగడానికి వెళ్ళాడు. ఆయన లేని ఆ కాసేపట్లో రాశాను. ఏదో ఒకటి నింపుదామనుకున్నాను, ఏం రాయాలా అని ఆలోచించాల్సిన అవసరమే రాలేదు. రాసి కొట్టేద్దామనుకున్నాను. కొట్టేయలేదు.

మేనేజరు దగ్గరికి వెళ్ళి రాజీ చెల్లదన్నాను. ‘‘మీ అక్కగారు మనస్ఫూర్తిగా అని రాశారు కదయ్యా’’ అన్నాడు. చదవకముందు రాసిందన్నాను. ఆయన గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తా నీ ఉత్తరం తీసుకుని చాలాసేపు చదివాడు. చదివి, ఈ ఆఫీసులో మొదటిసారి, తల అడ్డంగా ఊపాడు. తర్వాత ముఖం కడుక్కోవడానికి వెళ్ళి, చాలాసేపటికి గానీ రాలేదు.

మేనేజరు బాగా ఆలోచించి కొత్త నిర్ణయం చేశాడు. నా గొడవ నిజమైనదే కాబట్టి, అది నడుస్తున్నంతకాలం నా ప్రొబేషన్ కూడా నడుస్తుందట. రాజీ అయిన రోజునే ఉద్యోగం ఖాయం. ‘‘రాయవయ్యా, బతిమాలుతూ ఒక ఉత్తరం రాయి’’ అన్నాడు. రాయనన్నాను. ఈ ఉత్తరం అది కాదు. నువ్వు క్షమించాలని అడగటం లేదు. నవ్వడం మానమనీ అడగటం లేదు. నువ్వు నవ్వకపోతే నేను అప్పుడు బతికేవాణ్ణి కాదని నాకు తెలుసు. కానీ అక్కా, నాకిప్పుడు పన్నెండేళ్ళు కాదు.

నీ తమ్ముడు


జూన్ 26

తమ్ముడూ,

ఈసారి నీ ఉత్తరం ఎవరికీ చదివి వినిపించలేదు. మీ బావ వచ్చి, ‘‘ఏం రాశాడు?’’ అని అడిగారు. ‘‘నాకు రాశాడు’’ అన్నాను. ఆయన సరేనని వెళ్ళి కూర్చున్నారు.

రాజీకి నేను ఒప్పుకోవడం లేదు. మీ ఆఫీసుకి పంపడానికి అసలే ఒప్పుకోను. మీ పట్టికలో ఆ గడి ఖాళీగా ఉంటే ఉండనీ, ఎవరి కొంప మునుగుతుంది? నువ్వన్న మాటకి నా దగ్గర జవాబు సగమే ఉంది. మిగతా సగం నువ్వు చెబితే గానీ నాకు తెలియదు. అందుకని గురువారం బండికి వస్తున్నాను. కుట్లన్నీ పక్కన పెట్టేశాను, ఎవరి ప్యాంటు ఎంత పొడవుంటే అంత పొడవుతోనే తిరుగుతారు. ఆ గుమాస్తాని గడప తొక్కనివ్వకు.

వచ్చి నీ కుర్చీలో కూర్చుంటాను. నువ్వు మంచం మీద కూర్చుని మొదట్నుంచీ చెప్పు. నేను మధ్యలో ఒక్క మాట మాట్లాడను. ఒకటే భయంగా ఉందిరా. నీ గొంతు వింటే చాలు, నాకు నవ్వొచ్చేస్తుంది. ఏం చెబుతున్నావన్న దానితో పని లేదు, అది నా చేతిలో లేదు. వచ్చినప్పుడు లేచి మెట్ల మీదికి వెళ్ళి నవ్వుకుని వస్తాను. నేను తిరిగొచ్చేదాకా ఆగు. ఆగి, వదిలిన చోటి నుంచే మళ్ళీ చెప్పు.

అక్క